క్రైస్తవులమని చెప్పుకునేవారు ఎందుకు తగ్గుతున్నారు? జర్మనీలో నేను చూసింది

"ఈ రోజుల్లో క్రైస్తవులమని చెప్పుకునేవారు ఎందుకు తగ్గిపోతున్నారు?" అని నన్ను ఒకరు అడిగారు. చదువు పెరిగింది, సైన్సు పెరిగింది, డబ్బు పెరిగింది, ఇక దేవుడితో పనేముంది అన్నదే చాలామంది చెప్పే జవాబు. నేను లూథరన్‌ని, అంటే మార్టిన్ లూథర్ బోధను అనుసరించే ప్రొటెస్టెంట్ శాఖవాణ్ణి. చాలా ఏళ్ళుగా జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాను. చర్చి వదిలేసినవాళ్ళు నా చుట్టూ ఎందరో ఉన్నారు. వాళ్ళలో ఒక్కరి నోటా డార్విన్ పేరు వినలేదు. బాధ విన్నాను, కోపం విన్నాను, అన్నిటికంటే ఎక్కువగా "అదంతా మా నానమ్మ కాలంలో" అన్న మాట విన్నాను.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ క్రైస్తవుడినని చెప్పుకుంటే జేబుకు తగులుతుంది. ఊరికి రాగానే చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ ఫారంలో మతం గడి ఉంటుంది. కేథలిక్ అనో, ఇవాంజెలికల్ అనో రాస్తే (లూథరన్లు ఈ రెండో దాంట్లోకి వస్తారు) జీతంలోంచి చర్చి పన్ను కోత మొదలవుతుంది. ఆదాయపు పన్ను మీద 9 శాతం. బవేరియా, బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రాల్లో 8 శాతం. నెలకు 600 యూరోల పన్ను కట్టేవారు చర్చికి మరో 54 యూరోలు కడతారన్నమాట. వసూలు చేసేది ప్రభుత్వ పన్నుల శాఖే. 1919 నాటి వైమార్ రాజ్యాంగం చర్చిలకిచ్చిన ఈ హక్కును 1949 రాజ్యాంగం అలాగే ఉంచింది.

కొత్తగా దిగిన తెలుగువారికి పాతవారు చెప్పే మొదటి సలహా, ఆ గడి ఖాళీగా వదిలేయమని. మేము ఆదివారం మధ్యాహ్నం ఒక చర్చి హాలు అద్దెకు తీసుకుని తెలుగులో ఆరాధన జరుపుకుంటాం. హాలు నిండుతుంది. అందులో సగం మంది ప్రభుత్వ లెక్కల్లో ఏ చర్చికీ చెందనివారే. ఇది నాకు ఎంతకూ మింగుడుపడదు. యేసు ఎవరో తెలియదని ఆయన శిష్యుడు పేతురు బొంకింది ప్రాణభయంతో. ఇక్కడ ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. వాక్యం చెప్పేటప్పుడు విశ్వాసం కోసం అన్నీ విడిచిపెట్టాలని బోధించేవారు కూడా ఆ గడి దగ్గరికి వచ్చేసరికి కలం మూసేస్తారు.

కాబట్టి లెక్కలు చూసేటప్పుడు ఇది మనసులో ఉంచుకోండి. 1950ల్లో పశ్చిమ జర్మనీ జనాభాలో 90 శాతానికి పైగా ఈ రెండు పెద్ద చర్చిల సభ్యులు. 2022 నాటికి దేశం మొత్తం మీద అది సగానికి దిగువకు పడిపోయింది. ఆ ఒక్క ఏడాదే కేథలిక్ చర్చి నుంచి 5,22,821 మంది పేరు తీయించుకున్నారు. అంతమంది పన్ను తప్పించుకోవడానికే వెళ్ళారంటే నేను నమ్మను. ఎందుకో చెబుతాను.

మా పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు. డెబ్బై దాటాయి, భర్త పోయారు, కేథలిక్. పెళ్ళికి ముందు నుంచీ తమ విచారణ (స్థానిక కేథలిక్ సంఘం) గాయక బృందంలో పాడుతూ వచ్చారు. ఒకరోజు తలుపు తట్టి, కోర్టుకు వెళ్ళాలి, కారులో తీసుకెళ్తారా అని అడిగారు. మా నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో చర్చి సభ్యత్వం వదులుకోవాలంటే స్థానిక కోర్టుకు వెళ్ళాలి.

పూజకు వెళ్ళేటప్పుడు వేసుకునే నీలం కోటే ఆ రోజూ వేసుకున్నారు. దారిపొడవునా ఏమీ మాట్లాడలేదు. గదిలో ఉన్న గుమాస్తా కుర్రవాడు గుర్తింపు కార్డు చూశాడు, ఏ చర్చి అని అడిగాడు, కంప్యూటర్‌లో ఎక్కించాడు. అప్పుడు ఆవిడ చేతిసంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీశారు. రెండు వైపులా సన్నటి చేతిరాత. ఎందుకు వెళ్ళిపోతున్నారో రాసి తెచ్చుకున్నారు. కుర్రవాడు మర్యాదగానే చెప్పాడు, "కారణం అక్కర్లేదండీ. ఫారంలో దానికి చోటు లేదు" అని. సంతకం చేయించుకున్నాడు, 30 యూరోలు కట్టించుకున్నాడు, ముద్ర వేసిన పత్రం చేతికిచ్చాడు. పాతికేళ్ళు పెంచిన పిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు కూడా అంతగా వణకని చేతులు ఆ పత్రాన్ని మడవలేకపోయాయి. నేనే మడిచి ఇచ్చాను.

కారులో ఆ కాగితం చదవమని నాకిచ్చారు. ఆవిడ కారణం అందులో ఉంది. కేథలిక్ పీఠాధిపతులే (బిషప్పులే) చేయించిన అధ్యయనం 2018లో బయటికొచ్చింది. 1946 నుంచి 2014 వరకు 1,670 మంది గురువులు (ఫాదర్లు), మఠవాసుల మీద ఆరోపణలు, 3,677 మంది పిల్లల మీద లైంగిక అత్యాచారాలు. అదీ దొరికిన దస్త్రాల్లో కనబడినంత వరకే. చిన్నప్పుడు తమ ఊళ్ళో ఒక గురువు సంగతి పెద్దలందరికీ తెలుసని, అతణ్ణి ఇంకో ఊరికి మార్చి ఊరుకున్నారని ఆవిడ రాశారు. ఆ ఊరిలో కూడా పిల్లలు ఉంటారు కదా అని కింద గీత గీసి మరీ రాశారు. ఆవిడ పింఛను మీద చర్చి పన్ను పడదు. మరి డబ్బు కోసం వెళ్ళారని ఎలా అంటారు?

మా వైపు చేతులు శుభ్రంగా ఉన్నాయని కూడా అనను. 2024 జనవరిలో ఇవాంజెలికల్ చర్చిలో జరిగిన లైంగిక అత్యాచారాల మీద అధ్యయనం వచ్చింది. కనీసం 2,225 మంది బాధితులు, 1,259 మంది నిందితులు. ఆ ఆదివారం మా జర్మన్ ఆరాధనలో దాని ఊసే రాలేదు.

నెల తిరక్కుండా ఆవిడకు విచారణ నుంచి ఉత్తరం వచ్చింది. భర్త పోయాక పలకరించడానికి అక్కడి నుంచి ఒక్కరూ రాలేదు. ఇప్పుడు మాత్రం వచ్చింది. 2012లో పీఠాధిపతులు పెట్టిన నియమం ప్రకారం ఇకపై దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) స్వీకరించకూడదు, జ్ఞానస్నానంలో (బాప్తిస్మంలో) ఏ బిడ్డకూ జ్ఞానమాతగా నిలబడకూడదు. కింద సంతకం కూడా అచ్చువేసిందే. ఆవిడ ఇప్పటికీ ఆదివారం పూజకు వెళ్తారు. వెనక బెంచీలో కూర్చుంటారు, సత్ప్రసాదం వరుసలో నిలబడరు. ప్రభుత్వ లెక్కలో మాత్రం ఆవిడ క్రైస్తవురాలు కాదు.

ఇలాంటివారు లక్షల్లో ఉన్నారని నా గట్టి నమ్మకం. అయితే అసలు తరుగుదల వీళ్ళది కాదు, వీళ్ళ మనవలది. ఆవిడ మనవలిద్దరికీ జ్ఞానస్నానమే ఇప్పించలేదు. వాళ్ళు దేన్నీ వదల్లేదు, వాళ్ళకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. తూర్పు జర్మనీలో అయితే కారణం చెప్పవచ్చు. 1954 నుంచి కమ్యూనిస్టు ప్రభుత్వం చర్చి కన్ఫర్మేషన్‌కు (యుక్తవయసు పిల్లలు తమ విశ్వాసాన్ని ధృవీకరించే వేడుకకు) పోటీగా తన సొంత యువజన వేడుకను పిల్లల మీద రుద్దింది. లూథర్ ఊరు విటెన్‌బర్గ్ ఉన్న రాష్ట్రంలో ఈ రోజు అయిదుగురిలో ఒకరు కూడా చర్చి సభ్యులు కారు. కానీ పశ్చిమాన ఎవరు బలవంతపెట్టారు? బడిలో మతబోధ ఒక పాఠ్యాంశం, పన్ను జీతంలోంచి దానంతటదే పోతుంది, పండక్కి చర్చి తలుపులు తెరిచే ఉంటాయి. అన్నీ ఎవరో ఒకరు చూసుకుంటున్నారు కదా అని ఇళ్ళలో కుటుంబ ప్రార్థన ఆపేశారు. నా దృష్టిలో మూలకారణం ఇదే, మిగిలినవన్నీ దాని తర్వాతే.

1842లో గుంటూరులో దిగి మా లూథరన్ సంఘానికి పునాది వేసిన ఫాదర్ హయ్యర్ అమెరికా నుంచి వచ్చినా, పుట్టింది ఈ దేశంలోనే, హెల్మ్‌స్టెడ్‌లో. అందుకే ఇక్కడి ఖాళీ బెంచీలు చూసి "చూశారా, తెల్లవాళ్ళు పడిపోయారు, మనం నిలిచాం" అని మనవాళ్ళు వీడియోలు పెడుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా తెలుగు ఆరాధనలోనే వెనక వరుసలు చూడమనండి. ఇక్కడ పుట్టిన పిల్లలకు ప్రసంగంలో పది మాటల్లో రెండు కూడా అర్థం కావు. తలలు దించుకుని ఫోన్లు చూసుకుంటారు. ప్రసంగం సగం జర్మన్‌లో చెప్పిద్దామని, పిల్లలను ప్రశ్నలు అడగనిద్దామని నేను సంఘ పెద్దల ముందు పెట్టాను. తెలుగు పోతుందని ఒకరు, ఆచారం పోతుందని ఒకరు అడ్డుపడ్డారు. వచ్చే నెల సమావేశంలో మళ్ళీ అడుగుతాను.