ఫొటోతో పాటు నెగటివ్ కూడా చూపించండి

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, పంపిన స్కాన్లూ అందాయి. ఆదివారం పూట స్నేహితులంతా ఒకచోట చేరి, ఫిల్ము మీద తీసిన ఫొటోలు ముందేసుకుని మాట్లాడుకుంటున్నారని చదివి ఎంతో సంతోషించాను. పోయినవారం మీలో ఒకబ్బాయి నొచ్చుకుని, ప్రింట్లు సంచిలో సర్దుకుని మధ్యలోనే వెళ్లిపోయాడని రాశావు. నలుగురిలో ఫొటో ఎలా చూపించాలి, ఇంకొకరి ఫొటో గురించి ఎలా మాట్లాడాలి అని అడిగావు. ఇన్నేళ్లు స్టూడియోలో, చీకటిగదిలో గడిపినవాడిగా నాకు తోచింది చెబుతాను.

మీరందరూ ముందుగా నెగటివ్, అంటే కడిగిన ఫిల్ము మీద వెలుగునీడలు తారుమారై ఉండే బొమ్మ, చూడడం అలవాటు చేసుకోవాలి. ఆ అబ్బాయి ఫొటోలో నీడలు మురికిగా ఉన్నాయని అన్నారట. ఆ మురికి ఎక్కడి నుంచి వచ్చింది? వెలుతురు కొలిచేటప్పుడా, రీలును రసాయనాల్లో కడిగేటప్పుడా, ల్యాబులో స్కాను చేసేటప్పుడా? మూడింటికీ మందులు వేరు. అది తేల్చుకోకుండా అన్న మాట ఫొటోను బాగుచేయదు, తీసినవాణ్ణి గాయపరుస్తుంది. అతన్ని కలిసి, ఆ ఫొటో నెగటివ్ ఒకసారి చూపించమని అడుగు. క్షమాపణ చెప్పడం కంటే అది అతనికి ఎక్కువ ఊరటనిస్తుందని నా నమ్మకం.

ల్యాబుల్లోని స్కానర్లు చాలావరకు రీలులోని ప్రతి ఫ్రేమునూ, అంటే ఒక్కో ఫొటోనూ, వాటంతట అవే సర్దేస్తాయి. వెలుతురు చాలని ఫ్రేమును బలవంతంగా తెల్లబరుస్తాయి, దాంతో నీడల్లో బూడిదరంగూ గరుకుదనమూ తేలతాయి. కలర్ నెగటివ్‌కు నారింజ ఛాయ ఉంటుంది కదా, దాన్ని తీసేసి రంగులను తిరగేయడంలో ఒక్కో ఆపరేటరుది ఒక్కో తీరు. ఒకే నెగటివ్‌ను రెండు ల్యాబుల్లో ఇస్తే ఒకే ముఖానికి రెండు చర్మపు ఛాయలు రావచ్చు. అందుకే రంగు బాగాలేదనే ముందు, ఆ రంగు అతను కోరుకున్నదేనా అని అడగాలి.

నెగటివ్‌ను చదవడం కష్టమేమీ కాదు. లైట్ బాక్సు లేకపోతే ఫోనులో తెల్లటి తెర పెట్టి, దానికి కాస్త ఎత్తులో పట్టుకో. మొదట నీడలు చూడు. అవి నెగటివ్‌లో తేటగా ఉంటాయి. ఆ తేటలో చీర మడతో, గోడ పగులో లీలగానైనా కనిపిస్తే ఫిల్ముకు అందిన వెలుతురు, అంటే ఎక్స్‌పోజరు సరిపోయినట్టే. ఏమీ లేకుండా ఖాళీగా ఉంటే మాత్రం అక్కడికి వెలుతురు చేరలేదు. లేనిదాన్ని ఫిల్ము కడిగే ఏ డెవలపరు రసాయనమూ, ఏ కంప్యూటరూ తెచ్చిపెట్టలేవు. తరువాత దట్టంగా నల్లబడిన చోట్లు చూడు, అవే ఫొటోలో వెలుగులు. వాటి వెనక వార్తాపత్రిక పెడితే అక్షరాలు ఏమాత్రం కనిపించకపోతే, ఎండ ఎక్కువ తగిలిందో, డెవలపరులో ఎక్కువసేపు ఉందో అనుకోవాలి.

ఫిల్ము అంచున ఫ్రేము నంబర్లూ, ఫిల్ము పేరూ ఉంటాయి చూడు. చాలామంది వాటిని పట్టించుకోరు కానీ, నాకు అన్నిటికంటే నమ్మకమైన సాక్షులు అవే. ఫ్యాక్టరీలోనే వెలుతురుతో ముద్రించినవి కాబట్టి మన కెమెరాతో వాటికి సంబంధం లేదు. అంకెలు గట్టిగా ఉండి బొమ్మ మాత్రమే పలచగా ఉంటే లోపం ఫొటో తీసిన చోట. అంకెలూ పాలిపోయి ఉంటే లోపం కడిగిన చోట. మీలో ఇంట్లో కడిగేవాళ్లు ఉన్నారన్నావు కాబట్టి ఇంకొక మాట. నలుపు తెలుపు ఫిల్ముకు డెవలపింగ్ పట్టికలు ఎక్కువగా 20 డిగ్రీలకు రాసి ఉంటాయి. మన వైపు ఎండాకాలంలో కుళాయి నీళ్లు ఆ దరిదాపుల్లో ఉండవు. ఐసు ముక్కలతో చల్లబరచాలి, లేదా వేడికి తగ్గట్టు సమయం తగ్గించాలి. అది చేయకపోతే వెలుగులు దట్టమైపోయి, ఫొటో సున్నం కొట్టిన గోడలా వస్తుంది. అప్పుడు అందరూ కెమెరానో, తీసినవాడి కన్నునో తప్పుపడతారు.

ప్రింటు మీది చుక్కలకూ ఇలాగే రెండు మూలాలున్నాయి. తెల్ల చుక్కలు నెగటివ్ మీది దుమ్ము వల్ల వచ్చేవి. తుడిచి మళ్లీ ప్రింటు వేస్తే పోతాయి. నల్ల చుక్కలైతే కెమెరాలోనే ఫిల్ము మీద దుమ్ము కూర్చున్నదో, కడిగేటప్పుడు గాలి బుడగలు అంటుకున్నాయో చూడాలి. అవి నెగటివ్‌లోనే ఉండిపోయినవి.

నెగటివ్ బాగుందని తేలాక ప్రింటు గురించి విడిగా మాట్లాడండి. అమెరికా ఫొటోగ్రాఫరు ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే ఊళ్లో చంద్రోదయాన్ని తీసిన ఫొటో ప్రసిద్ధమైనది. ఆ నెగటివ్ నుంచి ఆయన దశాబ్దాల పాటు ప్రింట్లు వేస్తూనే ఉన్నాడు. మొదట్లో వేసిన వాటిలో ఆకాశం బూడిదరంగులో, మబ్బులతో ఉంటుంది. తరువాతి వాటిలో దాదాపు నల్లగా ఉంటుంది. అంత పెద్దాయనే తన ప్రింటు మీద తీర్పు మార్చుకుంటూ వచ్చాడు. మీ ఆదివారపు సభలో ఒకరు ప్రింటు ఇంకాస్త ముదురుగా వేసి చూడమంటే అందులో చిన్నతనమేమీ లేదు.

ఇక చూపించడం గురించి. రీలు చేతికి వచ్చిన రోజే ఫొటోలు ఎంచుకోకు. 36 ఫ్రేముల రోలుకు ఇప్పుడు పెట్టే ఖర్చు, కడిగి వచ్చేదాకా ఎదురుచూపు, తీసినప్పటి గాలి, ఎండ, మాటలు అన్నీ నీ మనసులో ఉంటాయి. చూసేవాళ్లకు కాగితం మీద ఉన్నదే కనిపిస్తుంది. అమెరికాలో గ్యారీ వినోగ్రాండ్ అనే ఫొటోగ్రాఫరు తాను తీసిన రీళ్లను కావాలనే చాలాకాలం కడగకుండా ఉంచేవాడు, తీసినప్పటి ఉత్సాహం ఎంపికను చెడగొట్టకూడదని. ఆయన 1984లో చనిపోయేనాటికి కడగని రోల్స్ సుమారు 2,500 మిగిలాయి. అంత దూరం పోవద్దు. కడిగించి, రీలులోని ఫ్రేములన్నీ ఒకే కాగితం మీద చిన్నవిగా కనిపించే కాంటాక్ట్ షీటు వేయించి, గోడకు తగిలించి కొన్ని వారాలు వచ్చేపోయేటప్పుడు చూస్తూ ఉండు. రోజులు గడిచినా కంటిని ఆపే ఫ్రేములే పట్టుకెళ్లు. రెండు మూడు చాలు. కాంటాక్ట్ షీటు కూడా వెంట ఉంచు, అడిగితే చూపించు. ఒకే దృశ్యం చుట్టూ నువ్వు ఎలా తిరిగావో, ఎక్కడ తొందరపడి వదిలేశావో అందులో తెలుస్తుంది. అసలు పాఠం నాకు ఎప్పుడూ అక్కడే కనిపించింది.

ఫొటో ముందు పెట్టి కథ చెప్పకు. "ఆ రోజు ఏం జరిగిందంటే" అని మొదలుపెడితే వాళ్లు నీ కథ విని తల ఊపుతారు, ఫొటోను చూడరు. వాళ్లను చూడనివ్వు. చూపు మొదట ఎక్కడికి పోయిందో, ఎక్కడ ఆగిందో చెప్పమను. నువ్వు మాట్లాడే వంతు వచ్చినప్పుడూ అదే వరస. ముందు నీకు కనిపించింది చెప్పు, తరువాత అడగాల్సింది అడుగు, సలహా ఆ తరువాత. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఒక్క విషయమే చెప్పాలి, అదీ వచ్చే రోలులో చేసి చూడగలిగేది. పెద్దవాళ్లకైతే సందేహంగా అడుగు, "ఇక్కడ ఈ స్తంభం ఉండాలనుకున్నారా అండీ?" అని.

అంచులు కత్తిరించడం మీద మీ వాళ్లు గంటలు గంటలు వాదించుకుంటారట. కత్తిరించకూడదని పట్టుబట్టిన ఫ్రెంచి ఫొటోగ్రాఫరు కార్టియే-బ్రెసాన్ కూడా 1932లో పారిస్‌లో గార్ సాఁ లజార్ స్టేషను వెనక, నీటిగుంట మీదుగా దూకే మనిషిని తీసిన ఫొటోను కత్తిరించే ప్రింటు వేయించాడు. రెండు నల్ల అట్టముక్కలను ఎల్ ఆకారంలో కోసి ప్రింటు మీద జరిపి చూడండి. వాదన అవసరం ఉండదు.

ఒక విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. ఫిల్ము మీద తీసినంత మాత్రాన ఫొటోకు మార్కులు వేయకండి. ఫిల్ము గింజ, అంటే ఆ గరుకు చుక్కలు, తేలిందని, రంగులు పాతకాలంలా ఉన్నాయని, కెమెరా వెనక తలుపు దగ్గర స్పాంజి పాడై వెలుతురు చొరబడిందని ముచ్చటపడేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆ స్పాంజి మార్పించుకోవాలి. ఊటీలో హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసిన ‘ఇందు’ ఫిల్ము వాడిన రోజుల్లో మాకు ఫిల్ము ఒక సామాను మాత్రమే. ఫొటోలో మనిషి ఉన్నాడా, వెలుగు ఉందా అనే చూసేవాళ్లం.

నువ్వు పంపిన వాటిలో హార్బరులో చేపలు వేరుచేస్తున్న ఆడవాళ్ల ఫొటో దగ్గర నేను ఆగిపోయాను. నా చూపు మొదట వెనకనున్న నీటి మెరుపు మీదికి పోయింది, తరువాత గంప పట్టుకున్న ఒకామె చేతుల మీదికి వచ్చింది. ఆమె ముఖం నీడలో కలిసిపోయింది. ఆ మెరుపు చూసి నీ కెమెరా మీటరు మోసపోయి ఉంటుందని అనుమానం. ముఖం దగ్గరికి వెళ్లి కొలిచి ఉంటే రెండు స్టాపుల తేడా, అంటే నాలుగింతల వెలుతురు తేడా, వచ్చేదేమో. ఇంతకంటే ఇప్పుడు చెప్పను. ఆ స్ట్రిప్పు మొత్తం, ఫ్రేమును విడిగా కత్తిరించకుండా, స్లీవులో పెట్టి రెండు అట్టల మధ్య స్పీడ్ పోస్టులో పంపు. నీడలో ఏమైనా దొరికితే ముఖం తెరిచి ఒకటి, చీకటిగానే ఉంచి ఒకటి ప్రింటు వేసి పంపుతాను. రెండూ ఆదివారం నాడు వాళ్ల ముందు పెట్టు. ఆమెకు ఇవ్వడానికి ఇంకో ప్రింటు వేస్తాను, మరిచిపోకుండా ఇచ్చిరా.

మీ మామయ్య