రాజా గడ్డ ఒకరోజు ఉబ్బుతుంది, ఒకరోజు తగ్గుతుంది

ప్రశ్న: డాక్టరు గారూ, మా లాబ్రడార్ రాజాకు ఎనిమిదేళ్లు. మూడు నెలల కిందట కుడి డొక్క మీద శనగగింజంత బుడిపె కనిపించింది. ఇప్పుడు రేగుపండంత అయింది. ఒకరోజు ఎర్రగా ఉబ్బుతుంది, రెండు రోజులకు మళ్లీ తగ్గుతుంది. మా అత్తగారు వేపాకు, పసుపు నూరి రోజూ రుద్దుతున్నారు. ఇక్కడి డాక్టరు సూదితో తీసి చూసి మాస్ట్ సెల్ ట్యూమర్ అన్నారు, ఆపరేషన్ చేయాలన్నారు. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందని చుట్టుపక్కల వాళ్లు భయపెడుతున్నారు. ఈ వయసులో వాడు మత్తు తట్టుకుంటాడా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ రుద్దడం ఆపించండి. అత్తగారు ప్రేమతోనే చేస్తున్నారు, కాదనను. కానీ మాస్ట్ సెల్ ట్యూమర్ అంటే చర్మంలో ఉండే మాస్ట్ కణాల క్యాన్సర్ గడ్డ. ఆ కణాల నిండా వాపు, దురద పుట్టించే హిస్టమిన్ అనే రసాయనం ఉంటుంది. నొక్కినా, రుద్దినా, కాపడం పెట్టినా అది బయటికొచ్చి చుట్టూ ఎర్రగా పొంగుతుంది. మీరు చూస్తున్న హెచ్చుతగ్గులకు కారణం అదే. తగ్గింది కదా అని ఊరుకోవద్దు. ఆ హిస్టమిన్ రక్తంలో కలిస్తే కడుపులో ఆమ్లం పెరిగి పుండ్లు పడతాయి. వాంతులైనా, మలం తారులా నల్లగా వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీ డాక్టరు గారు సూది పరీక్ష చేయడం ఎంతో మంచిదైంది. ఈ గడ్డ ఒక కుక్కలో కొవ్వు గడ్డలా మెత్తగా ఉంటుంది, ఇంకో కుక్కలో పురుగు కుట్టిన దద్దురులా ఉంటుంది. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక బాక్సర్ జాతి కుక్క తొడ మీది బుడిపెను పులిపిరి అనుకుని, అంచు వెంబడే కోసి తీసేశాను. ముక్కను ల్యాబుకు పంపలేదు. ఐదు నెలలకు ఆ కుట్ల మచ్చ మీదే మూడు గడ్డలు లేచాయి, క్యాన్సర్ పాకి గజ్జలో లింఫ్ గ్రంథి నిమ్మకాయంత అయింది. ఆ ఇంటి పిల్లవాడు దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న బల్ల నాకింకా కళ్లముందే ఉంది.

కత్తి తగిలితే పాకుతుందన్న మాట ఇలాంటి కోతల వల్లే పుట్టిందని నా నమ్మకం. కంటికి కనిపించే గడ్డ చుట్టూ కనిపించని కణాలుంటాయి. అందుకే చుట్టూ 2 నుంచి 3 సెంటీమీటర్ల మంచి చర్మాన్ని, అడుగున కండరం మీది పొరను కూడా కలిపి తీయాలి. రేగుపండంత గడ్డకు అరచేయంత కోత పడుతుంది, కుట్లు చూసి కంగారు పడకండి. డొక్క మీద చర్మం వదులుగా ఉంటుంది కాబట్టి అంత తీసినా దగ్గరికి వస్తుంది. పాదం మీదో, కనురెప్ప మీదో వస్తే ఆ వీలుండదు.

ఎనిమిదేళ్ల వయసు ఒక్కటే ఆపరేషన్‌కు అడ్డం కాదు. రక్తపరీక్షలో కాలేయం, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో, గుండె ఎలా కొట్టుకుంటోందో ముందు చూడాలి. చంకలో, గజ్జలో గ్రంథులు తడిమి, ఉబ్బితే అక్కడా సూది పెట్టించండి. కడుపు స్కానింగ్ కూడా చేయిస్తే మేలు. మత్తుకు ముందు హిస్టమిన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ ఇస్తున్నారా అని మొహమాటపడకుండా అడగండి. మీకు గన్నవరం పశువైద్య కళాశాల దగ్గరే, రెండో అభిప్రాయం కావాలంటే అక్కడికి వెళ్లవచ్చు.

తీసిన గడ్డను మొత్తంగా, చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణంలో వేయించి పరీక్షకు పంపించండి. ఇది మాత్రం వదలొద్దు. లో గ్రేడ్, అంటే నెమ్మదిగా పెరిగే రకం అని వచ్చి, అంచుల్లో కణాలు లేవంటే చాలా కుక్కలకు వైద్యం అక్కడితో సరి. హై గ్రేడ్, అంటే వేగంగా పాకే రకం అయితే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు ఇంజెక్షన్లు, ప్రెడ్నిసొలోన్ మాత్రలు వాడాల్సి వస్తుంది. ఈ గడ్డల కోసమే వచ్చిన టోసెరానిబ్ అనే మాత్రకు అమెరికాలో 2009లో అనుమతి ఇచ్చారు.

ఆపరేషన్ రోజు వరకు వాడు గడ్డను నాకకుండా, గోక్కోకుండా పాత బనియన్ తొడిగి ఉంచండి. రిపోర్టు రాగానే గ్రేడు, అంచుల సంగతి నాకు రాయండి. ఇంజెక్షన్లు అవసరమా కాదా అన్నది అప్పుడు చెబుతాను.