లూవెన్‌కు వెళ్ళే ముందు కొన్ని డచ్ మాటలు

ప్రశ్న: మా వారికి బెల్జియంలోని లూవెన్‌లో ఉద్యోగం వచ్చింది. మూడేళ్ళ పాపతో నేనూ వెళ్తున్నాను. అక్కడ ఇంగ్లీషుతో గడిచిపోతుందని అందరూ అంటున్నారు. డచ్ నేర్చుకోవడం అవసరమా? ఏ మాటలతో మొదలుపెట్టాలి, ఏ పద్ధతులు తెలిసి ఉండాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఆఫీసులో ఇంగ్లీషుతో గడిచిపోయే మాట నిజమేనమ్మా. కానీ మీ ఇంట్లో డచ్ అవసరం ముందుగా పడేది మీకూ మీ పాపకూ. అక్కడ పిల్లలను రెండున్నరేళ్ళకే శిశు పాఠశాలలో చేర్చుకుంటారు కాబట్టి, వెళ్ళిన కొద్ది రోజులకే బడి గుమ్మం దగ్గర పంతులమ్మతో మాట్లాడవలసి వస్తుంది. పిల్లలు ఆమెను ‘యుఫ్’ అంటారు. లూవెన్ ఉన్న ఫ్లాండర్స్ ప్రాంతానికి అధికార భాష డచ్ ఒక్కటే కనుక, బడి నుంచి వచ్చే చీటీలు కూడా ఆ భాషలోనే ఉంటాయి.

ఈ భాషను ఇంగ్లీషు గుండా కాక నేరుగా తెలుగు చెవితో వినండి. ‘జొన్’ అంటే సూర్యుడు, ‘జోన్’ అంటే కొడుకు. ‘బొమ్’ అంటే బాంబు, ‘బోమ్’ అంటే చెట్టు. ఒ, ఓ వేరువేరుగా దిద్దుకున్న మనకు ఈ తేడా కష్టం కాదు. కష్టపెట్టేది గొంతులోంచి రాసుకుంటూ వచ్చే ‘హ’ వంటి ధ్వని. ‘హుదెమోర్హెన్’ అంటే శుభోదయం.

మొదటి పాఠం రొట్టెల దుకాణంలో నేర్చుకోవచ్చు. ‘ఎన్ హ్రైస్ బ్రోట్, హెస్నేడెన్, ఆల్స్టుబ్లీఫ్ట్’ అంటే, గోధుమరంగు రొట్టె ఒకటి, ముక్కలు కోసి, దయచేసి ఇవ్వండి అని. దుకాణందారు రొట్టెను యంత్రంలో పెట్టి కోసి, సంచిలో వేసి మీ చేతికిస్తూ తానూ ‘ఆల్స్టుబ్లీఫ్ట్’ అంటారు. అప్పుడు దాని అర్థం ‘ఇదిగోండి’. ‘డంక్ యు వెల్’ అని తీసుకోండి. అందులోని ‘యు’ మన ‘మీరు’ వంటిది. పెద్దలతో, అధికారులతో దాన్నే వాడండి.

గడియారం దగ్గర మాత్రం జాగ్రత్త. ‘హల్ఫ్ వీర్’ అంటే మాటకు మాటగా ‘సగం నాలుగు’, కానీ అది మూడున్నర. నాలుగున్నర అనుకుంటే పాప గంటసేపు మీ కోసం ఎదురుచూస్తుంది. బుధవారం మధ్యాహ్నం బడి ఉండదు.

చేరిన 8 పనిదినాల్లోపు పురపాలక కార్యాలయంలో నమోదుకు వెళ్ళండి. తరువాత పేట పోలీసు మీరు నిజంగా ఆ ఇంట్లోనే ఉంటున్నారో లేదో చూడడానికి వస్తారు, అందుకే తలుపు గంట పక్కన మీ పేరు తప్పక రాసి పెట్టండి. ఇరుగుపొరుగు ఇళ్ళకు మనలా చెప్పకుండా వెళ్ళే అలవాటు అక్కడ తక్కువ; ముందుగా అడిగి వెళ్తే ఆప్యాయంగానే కూర్చోబెడతారు.

డిసెంబరు 6 సింటర్‌క్లాస్ పండుగ. సింటర్‌క్లాస్ అంటే పిల్లలకు కానుకలు తెచ్చే సాధువు. ముందురోజు రాత్రి పిల్లలు బూటు బయటపెట్టి, ఆయన గుర్రానికని పక్కన ఒక క్యారట్ ఉంచుతారు. తెల్లారేసరికి అక్కడ చాక్లెట్లు, కమలాలు ఉంటాయి. పాప బూటు కూడా పెట్టించండి, మర్నాడు బడిలో పిల్లలందరూ మాట్లాడుకునేది దాని గురించే.