పచ్చిపులుసు ఎవరు చేశారు?

నల్లకుంట, హైదరాబాద్

బిడ్డా,

నీ కథ అందింది. మొదటిసారి చదివి కోపంతో పక్కన పడేశాను. రాత్రి నిద్ర పట్టక లేచి, లైటు వేసుకుని మళ్లీ చదివాను. ఈసారి నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాను. ఈ ఉత్తరం ఆ పేజీ గురించే. నీ భాష బాగుంది, ఆగకుండా చదివిస్తుంది. ఆ మాట ఇక్కడితో చాలు.

ప్రాజెక్టు పని మీద ఆక్రాలో ఎనిమిది నెలలు ఉన్నావు. ఒక శనివారం కేప్ కోస్ట్ కోట చూడటానికి వెళ్లావు. ఓడలెక్కించే ముందు మనుషుల్ని కుక్కిపెట్టిన నేలమాళిగల్లో నిలబడ్డావు. మగవాళ్లను బంధించిన గదుల మీదనే చర్చి ఉండేదని తెలిసి నీకు ఒళ్లు జలదరించింది. నీ ఏడుపు మీద నాకు అనుమానం లేదు. ఊరికొచ్చి కథ రాయడానికి కూర్చున్నాక చేసిన పనే నాకు నచ్చలేదు. ఒక ఆఫ్రికా అమ్మాయిని ఆ చీకట్లోకి దింపి పద్నాలుగు పేజీలు ఏడిపించావు. 'సంకెళ్లు' అన్న మాట వచ్చినచోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టాను, ఇరవై మూడు గీతలు వచ్చాయి. ఆ అమ్మాయి పట్టుబడక ముందు ఏం చేసేదో నువ్వు రాయలేదు. ఏ పనికోసం పట్టుకుపోయారో కూడా రాయలేదు. చెరకు నరకడానికా, పత్తి ఏరడానికా, ఇంకొకరి బిడ్డకు పాలివ్వడానికా?

ఇక నాలుగో పేజీ. కథ చెప్పే అమ్మాయికి ఆ కోటలో ఇల్లు గుర్తొస్తుంది. 'నాయనమ్మ వాళ్ల అత్తగారితో అరణంగా వచ్చిన ఆడబాప చేసే పచ్చిపులుసు రుచిని నాయనమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది' అని రాశావు. ఒక్క వాక్యం. తర్వాత మళ్లీ సముద్రం, మళ్లీ సంకెళ్లు.

ఆ వాక్యం రాశావు గానీ నువ్వే చదువుకోలేదు, బిడ్డా.

అరణం అంటే పెళ్లికూతురి వెంట పుట్టింటివాళ్లు పంపే సొమ్ము. ఆవులు, బిందెలు, పందిరిమంచం. దొరల ఇళ్లలో వాటితో పాటు ఒక ఆడపిల్లను కూడా పంపేవాళ్లు. ఆమే ఆడబాప. ఆమెకు పెళ్లి లేదు, జీతం లేదు, తిరిగిపోవడానికి ఇల్లు లేదు. దొర పిలిచినా, దొర ఇంటికొచ్చిన చుట్టం పిలిచినా కాదనడానికి లేదు. అలాంటి మనిషి మీ ఇంట్లో బతికింది. కోడలిగా వచ్చిన మీ నాయనమ్మ ఆమెను కళ్లారా చూసింది, ఆమె చేతి వంట తిన్నది. బానిసత్వాన్ని వెతుక్కుంటూ నువ్వు అట్లాంటిక్ ఒడ్డు దాకా పోయావు. మీ వంటింట్లో ఉన్నామె నీ కథలో ఒక రుచిగా మిగిలిపోయింది.

నేను నలభై ఏళ్లుగా పట్టుకుని వేలాడుతున్న మాట ఒకటుంది. బానిసత్వం గురించి రాసేవాళ్లు పని రాయాలి. మనిషిని కొన్నది ఏడిపించడానికి కాదు, పని చేయించుకోవడానికి. ఏ వేళకు లేచారు, ఏం మోశారు, ఎన్ని శేర్ల బియ్యం చెరిగారు, ఎవరి కాళ్లు ఒత్తారు, ఎప్పుడు తిన్నారు, ఏం మిగిలితే తిన్నారు. ఇవి రాస్తే ఏడుపు చదివేవాడి గొంతులో దానంతటదే పుడుతుంది. ఇవి రాయకుండా ఎన్ని కన్నీళ్లు పోసినా కాగితం తడుస్తుందంతే.

లోకం బానిసత్వాన్ని ఎలా గుర్తుపెట్టుకుందో చూడు. బ్రిటిష్ పార్లమెంటు 1833లో రద్దు చట్టం చేసి 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. ఇచ్చింది బానిసలకు కాదు, యజమానులకు. అందుకోసం చేసిన అప్పు పూర్తిగా తీరేసరికి 2015 వచ్చింది. ఆ యజమానులు పెట్టుకున్న అర్జీలు ఇవాళ్టికీ భద్రంగా ఉన్నాయి. ఎవరికి ఎంతమంది బానిసలుండేవారో, ఒక్కో మనిషికి ఎంత ముట్టిందో చూసుకోవచ్చు. అదే చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిని వదిలేసింది. ఇక్కడ 1843 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ కంపెనీ చేతిలో ఉన్న ప్రాంతాల్లోనే. ఎక్కడైనా సరే, యజమాని లెక్కల పుస్తకం మిగులుతుంది. పని చేసినవాడి దగ్గర పుస్తకమెక్కడిది?

అమెరికాలో ఒక మంచి పని జరిగింది. పెద్ద మాంద్యంలో ఉద్యోగాల్లేని రచయితలకు ప్రభుత్వమే జీతమిచ్చి, ఒకప్పుడు బానిసలుగా బతికిన ముసలివాళ్ల దగ్గరికి పంపింది. 1936 నుంచి 1938 దాకా 2,300 మందికి పైగా చెప్పిన సంగతులు రాసిపెట్టారు. అడగడానికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, అందుకని ముసలివాళ్లు కొన్ని దాచుకున్నారు, కొన్ని మెత్తగా చెప్పారు. అయినా ఏం తిన్నారో చెప్పారు, నూలు ఎవరు వడికారో చెప్పారు, సబ్బు ఎలా కాచారో చెప్పారు. మన దగ్గర ఏ ప్రభుత్వం రచయితకు జీతమిచ్చి, దొరల కోటల్లాంటి గడుల వెనక ఇళ్లకు పంపింది? అడిగేవాళ్లు లేక ఎంతమంది నోరు విప్పకుండానే పోయారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కుదుట పడదు.

మన ఊరినే చూడు. మాసాబ్ ట్యాంక్ నుంచి లక్డీకాపూల్ వైపు పోతుంటే ఏసీ గార్డ్స్ వస్తుంది. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతో నిజాం పెట్టుకున్న గుర్రపు దళం అది. 1948 తర్వాత దళం పోయింది గానీ వాళ్ల మనవలూ మునిమనవలూ ఆ గల్లీల్లోనే ఉన్నారు. బరాత్‌లో మర్ఫా మోగితే మనమంతా చిందులేస్తాం, ఆ దరువు ఎవరి వెంట వచ్చిందో అడగం. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపిన మలిక్ అంబర్ చరిత్రలో ఉన్నాడు, ఎందుకంటే గెలిచాడు. కడవెండిలో 1946 జూలై 4న దొర మనుషుల తూటాకు బలైన దొడ్డి కొమరయ్య ఉన్నాడు, ఎందుకంటే ఎదురు తిరిగాడు. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీలో నడుస్తున్న కాలేజీకి పాలకుర్తి చాకలి ఆడమనిషి పేరు! అది జరగాల్సిందే. మరి ఎదురు తిరగనివాళ్లు? తెల్లవారకముందే లేచి దొరసానికి నీళ్లు కాగబెట్టి, ఆ రోజూ మరుసటి రోజూ అదే చేసి, ముసలితనం వచ్చి పోయినవాళ్లు? వాళ్లే ఎక్కువ. వాళ్లకు విగ్రహం పెట్టరు. వాళ్లు కథకుల భాగం. వాళ్లను మనం కూడా వదిలేస్తే ఇంకెవరు పట్టించుకుంటారు?

నాకీ పట్టుదల ఎక్కడిదో చెప్తాను. మా నాయన కుమ్మరి. వెట్టి అంటే నీకు పుస్తకాల్లో మాట. మా ఇంట్లో అది కుండ. చాకలి బట్టలుతికి, మంగలి గడ్డం గీసి, మాదిగ చెప్పులు కుట్టి ఊరికే ఇచ్చినట్టే, మా నాయన గడికి కుండలు ఊరికే ఇవ్వాలి. ఆము నుంచి తీసిన ప్రతి కుండనూ చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూసేవాడట. ఖంగున మోగినవి ఒకవైపు, మొద్దుగా పలికినవి ఒకవైపు. మోగినవి గడికి. మోగనివి, కంటికి కనపడని పగులున్నవి, మా ఇంటికి. మా అమ్మ పెళ్లై వచ్చాక మంచి కుండలో నీళ్లు తాగడానికి చాలా ఏళ్లు పట్టిందని చెప్పేది.

నేను పుట్టేనాటికి పోలీసు చర్య అయిపోయింది, వెట్టి పోయింది. నేను చదువుకుని, టీచరునై, ఈ నల్లకుంటలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. 1979 ఎండాకాలంలో నాయన వచ్చాడు. ఆయన కోసమే ఒక కొత్త నీళ్ల రంజన్ కొని పెట్టాను. ఆయన దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. తల వంచి, చెవి ఆనించి, వేలి కణుపుతో కొట్టాడు. ఖంగుమంది. ఆయన చేయి దాని మీదే ఉండిపోయింది. "ఇది గడికి పోయేదమ్మా" అన్నాడు. ముప్పై ఏళ్లు దాటిపోయాయి అప్పటికి. గడి కూలిపోయింది, దొర కొడుకులు పట్నం వచ్చేశారు. ఆ పూట నాయన ఆ రంజన్‌లో నీళ్లు తాగలేదు, నల్లా కింద దోసిలి పట్టి తాగాడు.

నేను రాసిన కథలన్నీ ఆ దోసిలి చుట్టూనే తిరిగాయి.

1984లో ఆడబాప మీద ఒక కథ రాసి ఒక వారపత్రికకు పంపాను. అచ్చయి వచ్చాక చూస్తే 'ఆడబాప' ఉన్నచోటల్లా 'పనిమనిషి' అని ఉంది. ఆఫీసుకు వెళ్లి అడిగాను. 'ఆ మాట మా పాఠకులకు అర్థం కాదండీ, అయినా పని చేసే మనిషే కదా' అన్నాడు సంపాదకుడు. పనిమనిషికి జీతముంటుంది, సాయంత్రం తన ఇంటికి పోతుంది అన్నాను. ఆయన ఇంకో ఫైలు తెరిచాడు. ఆ పత్రికకు మళ్లీ ఒక్క కథా పంపలేదు. ఈ కాలం కథల పోటీల వాళ్ల మీద కూడా నాకు కోపముంది. గాయం, గాయం అంటారు. గాయమైన చేయి ఆ పొద్దు ఏ పని చేసిందో రాస్తే కథ నెమ్మదిగా ఉందంటారు. 'బాంచెన్ దొరా, కాల్మొక్త' అన్న మాటను రీల్స్‌లో నవ్వుకోవడానికి వాడుకుంటున్నారు. బాంచెన్ అంటే నీ బానిసను అని. ఆ మాట అనకపోతే వీపు చిట్లిన కాలం ఒకటుందని ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఆడబాప కథ కోసం జనగామ దగ్గర ఒక ఊళ్లో ఒక ముసలామెను కలిశాను. దొరసాని ఎలా చూసేదని అడిగితే "మంచిదే" అంది. కొట్టేదా అంటే మాట్లాడలేదు. నాకు టెన్షన్ పెరిగిపోయి, నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టాను. పొద్దున లేచి మొదట ఏం చేసేదానివి అని ఊరికే అడిగాను. రెండు గంటలు చెప్పింది. గంగాళం కింద ఏ కట్టెలు పెట్టాలో, పొగ లోపలికి పోకుండా ఎటు కూర్చోవాలో, పెళ్లి బండి వెనక కాళ్లు వేలాడేసుకుని ఒళ్లో దీపపు సెమ్మె పట్టుకుని వచ్చిన రోజు బండి ఎన్నిచోట్ల ఆగిందో. ఆ సెమ్మె పెళ్లికూతురి ఇంటిది, పెళ్లికూతురు ఆ ఇంటిది, సెమ్మె పట్టుకున్న తాను కూడా ఆ ఇంటిదే అంది. తనకు అప్పుడు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో. వచ్చేటప్పుడు నా చేయి పట్టుకుని పేరు రాయొద్దంది. మనవరాలికి సంబంధాలు చూస్తున్నారట. రాయలేదు, ఇప్పుడూ రాయను. బానిసలను కొన్నవాళ్ల వంశాలు గడి బొమ్మలు చూపించి గొప్ప చెప్పుకుంటాయి. బానిసగా బతికినామె మనవరాలి పెళ్లి కోసం తన పేరు దాచుకుంటుంది. నువ్వు నాలుగో పేజీ మళ్లీ రాసేటప్పుడు ఇది మనసులో ఉంచుకో.

కథ ఫస్ట్ పర్సన్‌లో రాయాలా అని అడిగావు, పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. వాటి సంగతి తర్వాత చూద్దాం.

మీ నాయనమ్మకు ఎనభై తొమ్మిదేళ్లన్నావు. ఈ ఆదివారమే ఊరికి పో. ఫోన్‌లో అడగకు, రికార్డింగ్ పెట్టకు. ఆమె పక్కన కూర్చుని ఆ ఆడబాప పచ్చిపులుసు ఎలా చేసేదో అడుగు. చింతపండు ఎంతసేపు నానబెట్టేది, ఉల్లిగడ్డ కోసేదా, ఉప్పేసి చేత్తో నలిపేదా. అందరూ తిన్నాక ఆమె ఎక్కడ కూర్చుని తినేది, ఏ గిన్నెలో తినేది. రాత్రి ఎక్కడ పడుకునేది. ఆమెను ఏమని పిలిచేవాళ్లు. అక్కడ మీ నాయనమ్మ ఆగితే నువ్వూ ఆగు, తొందరపెట్టకు. ఆ ఆడబాపకు పిల్లలున్నారా, వాళ్లు ఇప్పుడెక్కడున్నారు అన్నది చివర అడుగు, లేదా ఇంకో ఆదివారం అడుగు.

కథంతా పంపొద్దు. ఆ నాలుగో పేజీ ఒక్కటి రాసి పంపు. ఎన్ని పేజీలైనా సరే.

ఆశీస్సులతో,
మీ టీచరమ్మ