అల్లర్లు జరిగితే మండల విలేకరికి రక్షణ ఎవరిది?

మీ తమ్ముడు మండల విలేకరిగా చేరాడనీ, గొడవల్లోకి పంపితే ఎవరు కాపాడతారనీ అడిగారు. అమలాపురంలో పేపర్‌కి కంట్రిబ్యూటర్‌గా, అంటే నెలజీతం ఉద్యోగం లేకుండా వార్తలు పంపే విలేకరిగా పనిచేసినవాణ్ణి, చూసింది చెప్తాను.

2022 మే 24న, కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడంపై రేగిన గొడవలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. బస్సులు కాలిపోయాయి. నల్లవంతెన దగ్గర నేను ఫోన్ పైకెత్తాను. ఒక కుర్రాడు వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. "అన్నా, ఇది రేపు స్టేషన్లో తేలితే నా గతేంటి?" అన్నాడు. మా పక్క వీధి అబ్బాయే. రెండో చేతిలో రాయుంది. కళ్ళెదుట డిలీట్ చేశాకే వదిలాడు.

హైదరాబాద్ నుంచి వచ్చిన కెమెరామన్ రాత్రికి వెళ్ళిపోతాడు. మనం మర్నాడు అదే వీధిలో పాలప్యాకెట్ కొనుక్కోవాలి. విలేకరంటే పోలీసుల మనిషని జనానికి అనిపించిందా, ఇక ఊళ్ళో తిరగలేం. అందుకే స్టేషన్ నుంచి ఎవరో ఫోన్ చేశారని వీడియోలు వాట్సాప్‌లో పంపేయొద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి. రాతపూర్వకంగా అడగమనాలి, ఆఫీసుతో మాట్లాడుకోమనాలి.

తర్వాత చాలా రోజులు నెట్ ఆపేశారు. సాఫ్ట్‌వేర్ పిల్లలు సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు పోయారు. మేం వార్తలు ఫోన్లో చదివి డెస్క్‌లో రాయించాం. పుకార్లకి నెట్‌తో పనేముంది? టీకొట్టులో పుట్టినది ముమ్మిడివరం చేరేసరికి ఇంతై కూర్చునేది, అబద్ధమని చెప్పే వార్త మర్నాటి పేపర్ దాకా ఆగాలి. నెట్ ఆపే ఉత్తర్వుల్ని బయటపెట్టాలనీ, నిరవధికంగా ఆపకూడదనీ సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పింది. ఆ కేసు వేసిన అనురాధా భాసిన్ కశ్మీర్ టైమ్స్ పత్రిక సంపాదకురాలు.

విలేకరిపై దాడికి 3 ఏళ్ళ వరకు జైలు, 50 వేల వరకు జరిమానా విధించేలా మహారాష్ట్ర 2017లో చట్టం తెచ్చింది. మనకూ అలాంటిది కావాలి. కానీ నాకు అంతకంటే కడుపుమండేది వేరే ఉంది. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చైన లైన్లు లెక్కగట్టి ఇచ్చే డబ్బు మీద బతికే చాలామంది దగ్గర అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు. నాతో తిరిగిన ఒకతనికి రాయి తగిలి తల పగిలింది, ఆరు కుట్లు పడ్డాయి. "అతను మా ఉద్యోగి కాదు" అనేసింది అతని ఆఫీసు. అప్పటిదాకా పేపర్‌కి యాడ్స్ తెచ్చే టార్గెట్ మాత్రం అతని నెత్తినే!

లెటర్, ఐడీ కార్డు, ప్రమాద బీమా: ఈ మూడూ ఇప్పుడే అడగమనండి. ఇవ్వకపోతే గుంపు మధ్యలోకి వెళ్ళనని ముందే చెప్పేయాలి. వెళ్ళినా ఇంకో పేపర్ విలేకరితో జంటగా వెళ్ళాలి, ఎటు పారిపోవచ్చో ముందే చూసుకోవాలి.