ఆడవాళ్ళ గుండె జబ్బుల కోసం ప్రత్యేకంగా కార్డియాలజిస్టులు కావాలా?

"గుండె ఎవరిదైనా గుండే కదా, ఆడవాళ్ళకని విడిగా కార్డియాలజీ ఎందుకు? కెరీర్‌గా పనికొస్తుందా?" అని అడిగారు. నేను ఏళ్ళుగా చేస్తున్నది ఈ పనే. పనికొస్తుంది, చేయాల్సింది ఇంకా బోలెడుంది.

నన్ను ఇటు లాగింది నార్మల్‌గా వచ్చే యాంజియోగ్రామ్‌లు. ట్రైనింగ్‌లో ఉండగా నలభై దాటిన ఒకావిడ వచ్చారు. మెట్లెక్కితే దవడ లాగుతుంది, చెమటలు పడతాయి, ఆగితే తగ్గిపోతుంది. అంతకుముందు వేరేచోట యాంజియోగ్రామ్ చేసి, బ్లాకులు లేవు, టెన్షన్ వల్లే అని గ్యాస్ మాత్రలిచ్చి పంపేశారట. మా ప్రొఫెసర్ ఆవిడ గుండె రక్తనాళంలోకి సన్నటి సెన్సర్ తీగ పంపి, నాళాలను విప్పార్చే అడినోసిన్ అనే మందు ఇచ్చి రక్తప్రవాహం ఎంత పెరుగుతుందో కొలిచారు. ఆరోగ్యంగా ఉంటే రెండున్నర రెట్లయినా పెరగాలి. ఆవిడకు రెట్టింపు కూడా కాలేదు. యాంజియోగ్రామ్‌లో కనపడేవి పెద్ద ధమనులే. కండరంలోకి దిగే, అర మిల్లీమీటరు కూడా లేని నాళాలు అందులో కనపడవు, ఆవిడ జబ్బు వాటిలోనే ఉంది. మందులు మార్చాక మెట్లెక్కగలిగారు. "నాకు నిజంగానే నొప్పి ఉందని ఇప్పటికి తేలింది" అని ఆవిడ ఏడ్చేశారు.

ఈ నిర్లక్ష్యానికి కారణం వైద్య పరిశోధనల్లోనే ఉంది. గుండెపోటు రాకుండా ఆస్పిరిన్ పనిచేస్తుందా అని తేల్చిన పెద్ద అధ్యయనం తుది ఫలితాలు 1989లో వచ్చాయి. అందులో పాల్గొన్న 22,071 మంది డాక్టర్లూ మగవాళ్ళే. 1991లో అమెరికాలో బెర్నడీన్ హీలీ అనే కార్డియాలజిస్టు, మగవాళ్ళలాగే జబ్బు ఉందని రుజువైతే తప్ప ఆడవాళ్ళకు సరైన వైద్యం అందడం లేదని గట్టిగా రాశారు. అదే ఏడు అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలకు అధిపతి అయి, లక్షా అరవై వేలకు పైగా మహిళలతో అధ్యయనం మొదలుపెట్టించారు. మెనోపాజ్ తర్వాత ఇచ్చే హార్మోన్ మాత్రలు గుండెను కాపాడతాయన్న నమ్మకం 2002లో తప్పని తేలింది దానివల్లే.

ఒక్క మాట. ఆడవాళ్ళకు గుండెపోటులో ఛాతీనొప్పి రాదన్న ప్రచారం నమ్మకండి. ఎక్కువమందికి వస్తుంది. కాకపోతే దాంతోపాటు ఆయాసం, వికారం, వీపునొప్పి, విపరీతమైన నీరసం కూడా ఉంటే చెప్పేవాళ్ళు వాటినే ముందు చెబుతారు, వినేవాళ్ళు అక్కడే ఆగిపోతారు.

రోజువారీ పనిలో నేను తప్పకుండా అడిగేది కాన్పుల గురించి. గర్భంలో బీపీ పెరిగిందా, షుగర్ వచ్చిందా, నెలలు నిండకుండా పిల్లలు పుట్టారా, నెలసరి నలభైలోపే ఆగిపోయిందా అని. ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంలో బీపీ బాగా పెరిగి మూత్రపిండాల లాంటి అవయవాలను దెబ్బతీసే జబ్బు, వచ్చినవాళ్ళకు తర్వాతి జీవితంలో గుండె జబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. కాన్పయ్యాక బీపీ తగ్గింది కదా అని ఆ సంగతి అందరూ మరిచిపోతారు. కాన్పయిన కొద్ది వారాలకే గుండెపోటుతో వచ్చేవాళ్ళూ ఉంటారు. వాళ్ళలో కొందరికి కొవ్వు పేరుకోవడం కాదు, ధమని గోడ పొరలే విడిపోతాయి. తొందరపడి స్టెంట్ వేస్తే చీలిక ఇంకా పాకవచ్చు. రోగి నిలకడగా ఉంటే చాలావరకు దానంతటదే మానుతుంది. ఇది గుర్తుపట్టడానికి కన్ను అలవాటు కావాలి.

మీ విషయానికొస్తే, ముందు కార్డియాలజీ మొత్తం గట్టిగా నేర్చుకోండి, ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) మీద మంచి పట్టు తెచ్చుకోండి. గైనకాలజీ వాళ్ళు ముప్పు ఎక్కువున్న గర్భిణులను చూసే హైరిస్క్ ఓపీలో కొన్నాళ్ళు కూర్చోండి. బీపీతో కాన్పయిన తల్లిని డిశ్చార్జ్ చేశాక ఆమె బీపీ ఎవరు చూస్తున్నారో అక్కడ అడగండి. ఎవరూ చూడకపోతే మీ పని అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.