పాపా, ముందు పైపు మీద బాణం గుర్తు వెయ్యి

పాపా,

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి చెరువు అడుగు మట్టి పొరల్ని చదివే పని తీసుకున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఇంత చదివించింది బురద తవ్వడానికా అని ఆయనకి కాస్త దిగులు, నేను సర్దిచెప్పానులే.

ముందు ఒక్క మాట గట్టిగా చెప్తా. మట్టిని పొరల వరస చెదరకుండా పైకి తియ్యడానికి బురదలోకి దించే పైపు ఉంది చూడు, దాన్ని దించకముందే దాని మీద మార్కర్‌తో పైకి చూపించే బాణం వెయ్యి. నలభై ఏళ్ల కిందట చంద్రగిరి పక్క ఒక చెరువులో మేం ముగ్గురం రెండు రోజులు మోకాలి లోతు బురదలో నిలబడి పైపు దించాం, బస్సు టాపు మీద వేసుకుని తిరుపతి తెచ్చాక చూస్తే ఏది పై కొసో ఏది కింది కొసో ఒక్కరికీ గుర్తులేదు. అంతే, మొత్తం పారబోశాం. సుత్తితో కొట్టేటప్పుడు లోపలి మట్టి అణిగిపోతుంది కూడా, అందుకే పైపు ఎంత దిగింది, లోపల మట్టి ఎంత ఉంది, రెండూ కొలిచి రాసుకో.

పొరల వరస అంత ముఖ్యమా అంటావేమో. జపాన్‌లో సుయిగెత్సు అని ఒక సరస్సు ఉంది. దాని అడుగున ఏటా ఒక లేత రంగు పొర, ఒక ముదురు రంగు పొర పేరుకున్నాయి. వేల ఏళ్ల పాటు అలా పడిన పొరల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టి, వాటిలో చిక్కుకున్న ఆకుల సాయంతో కార్బన్ డేటింగ్ (పాత ఆకులో, గింజలో మిగిలిన కార్బన్‌ని బట్టి వయసు కట్టే పద్ధతి) లెక్కల్నే సరిచేశారు. మన చెరువుల్లో అంత శుభ్రమైన పొరలు దొరకవు, ఆశ పెట్టుకోకు. ఎండాకాలం చెరువు ఎండి నెర్రెలు విచ్చుతుంది, పై మట్టి ఆ నెర్రెల్లోంచి కిందికి జారుతుంది, గేదెలు తొక్కుతాయి, రైతులు పూడిక పొలాలకి తోలుకుంటారు, ఇప్పుడైతే జేసీబీలు కూడా దిగుతున్నాయి. మ్యాపు చూసి చోటు ఎంచుకోవద్దు. గొర్రెలు కాసే పెద్దాయన ఎవరైనా ఉంటే, కరువులో కూడా తడి ఆరని మడుగు ఎక్కడో అడుగు. అక్కడి మట్టి నల్లగా, కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతూ వస్తే సంతోషించు, ఏ కాలంలో ఏ చెట్లుండేవో చెప్పే పుప్పొడి గాలి తగలని బురదలోనే నిలుస్తుంది. (దాన్ని మీ అమ్మ ఫ్రిజ్‌లో పెట్టనివ్వదు, కాలేజీ ల్యాబులో పెట్టు.)

పుప్పొడి కనబడగానే ఆ చెట్టు గట్టు మీదే ఉండేదని రాసెయ్యకు. సరుగుడు పుప్పొడి గాలికి ఎంతో దూరం వస్తుంది. కానీ అదే నీకు పనికొస్తుంది కూడా, ఎందుకంటే సరుగుడు తోటలు మన వైపు బ్రిటిషు కాలంలో వచ్చినవి, ఆ పుప్పొడి బాగా కనబడే పొర అంతకన్నా పాతది కాదు. అది కింది పొరల్లోనూ దొరికితే మట్టి కలిసిపోయిందేమోనని అనుమానించు. పొర వయసు కట్టించడానికి ల్యాబుకి నత్త గుల్లలు పంపకు, నీళ్లలో కరిగిన పాత సున్నం వాటిలో చేరి లేని వయసు చూపిస్తుంది. ఆకో గింజో దొరికేదాకా ఓపిక పట్టు.

పాత సరస్సులన్నీ ఇలాగే మాట్లాడతాయి. రాజస్థాన్‌లో దీద్వానా ఉప్పు సరస్సు అడుగున ఉప్పు పొరలు వస్తే అవి ఎండిన కాలాలు. జర్మనీలో మెస్సెల్ అనే చోట ఉండిన పాత సరస్సు అడుగున ప్రాణవాయువు లేకపోబట్టి 4.7 కోట్ల ఏళ్ల నాటి గబ్బిలాలు కడుపులో తిండితో సహా మిగిలాయి. మన గోదావరి లోయలో ‘కోట’ అనే పేరున్న సున్నపురాయి పొరల్లో జురాసిక్ కాలం చేపల శిలాజాలున్నాయి. అవి చూడాలని నీకు తొందరగా ఉంటుంది, తెలుసు. కానీ బురద చదవడం రానివాళ్లకి ఆ రాళ్లలో చేప తప్ప ఇంకేమీ కనబడదు.

వానలు మన దగ్గర అక్టోబరులో గట్టిపడతాయి, మే నెలలోనే పని కానిచ్చెయ్. ముందురోజు ఫోన్ చెయ్యి, నా పాత చెక్క సుత్తి ఇంకా అటక మీదే ఉంది, ఇనుప సుత్తితో కొడితే పైపు పగులుతుంది.

మీ పెదనాయన